ఆరో నెలలో "రేపటి నుంచి రావద్దు" అన్నారు: ఔట్‌సోర్సింగ్ ఉద్యోగి ఎవరి మీద ఫిర్యాదు చేయాలి?

ప్రశ్న: ఓరుగల్లు పాఠకురాలు

అందరికీ నమస్కారం. నేను తెలంగాణలోని ఒక ప్రభుత్వ జిల్లా కార్యాలయంలో కొన్నేళ్లుగా ఔట్‌సోర్సింగ్ పద్ధతిలో డేటా ఎంట్రీ ఆపరేటర్‌గా పనిచేస్తున్నాను. ఈ మధ్యకాలంలో మ్యాన్‌పవర్ ఏజెన్సీ మారింది గానీ నేను కూర్చునే చోటు, నా లాగిన్, నాకు పని చెప్పే అధికారులు మారలేదు. నెలకు 19,500 రూపాయల జీతంలో పీఎఫ్, ఈఎస్ఐ కోతలు పోగా మిగిలింది బ్యాంకులో పడుతుంది.

ఇప్పుడు నాకు ఆరో నెల. ప్రసూతి సెలవు కోసం దరఖాస్తు రాసి ఇస్తే, మీరు ఏజెన్సీ మనిషి కాబట్టి సెలవు వాళ్లనే అడగండని సూపరింటెండెంట్ గారు కాగితం తిప్పి ఇచ్చేశారు. ఏజెన్సీకి ఫోన్ చేస్తే, ఆఫీసువాళ్లు మీ బదులు వేరే మనిషిని పంపమన్నారు, ఇక రేపటి నుంచి మీరు వెళ్లనక్కర్లేదని చెప్పారు. రాతపూర్వకంగా ఎవరూ ఏమీ ఇవ్వలేదు, బయోమెట్రిక్ హాజరులో మాత్రం నా పేరు తీసేశారు. మా సెక్షన్‌లోనే రెగ్యులర్ ఉద్యోగిని ఒకరికి క్రితం ఏడాది జీతంతో కూడిన 180 రోజుల సెలవు ఇచ్చారు. ఆమెకు దొరికినందుకు నాకు సంతోషమే, అదే ఆఫీసులో నా కడుపులోని బిడ్డ ఉద్యోగానికి అడ్డం ఎలా అయిందో మాత్రం అర్థం కావడం లేదు.

దీన్ని వివక్ష అనవచ్చా, లేక కాంట్రాక్టు ముగిసిందని ఊరుకోవాలా? ఫిర్యాదు చేస్తే ఆఫీసు మీద చేయాలా, ఏజెన్సీ మీదా?

జవాబు: సర్వీస్ కేసుల న్యాయవాది

అమ్మా, ముందుగా మీ రెండో ప్రశ్నకు జవాబు చెబుతాను, ఎందుకంటే చాలా కేసులు దెబ్బతినేది అక్కడే: ఇద్దరి మీదా చేయాలి. ఏజెన్సీ ఒక్కదాన్నే ప్రతివాదిగా చేర్చితే, మనిషిని మార్చమన్నది ఆఫీసేనని అది తప్పించుకుంటుంది. ఆఫీసు ఒక్కదాన్నే చేర్చితే, ఈమె మా ఉద్యోగే కాదని అంటుంది. ఇద్దరూ ఒకే కోర్టులో, ఒకే కాగితం మీద సమాధానం చెప్పుకోవలసి వచ్చినప్పుడే నిర్ణయం ఎవరిదో బయటపడుతుంది.

ఇది వివక్షేనా అంటే, నా అభిప్రాయంలో సందేహం లేదు. గర్భం దాల్చిందన్న కారణంతో స్త్రీని ఉద్యోగం నుంచి తీసేయడం రాజ్యాంగ సమానత్వానికి విరుద్ధమని సుప్రీంకోర్టు 1981లోనే, ఎయిర్ ఇండియా ఎయిర్‌హోస్టెస్‌ల కేసులో, తేల్చి చెప్పింది. వాళ్లు రెగ్యులర్ ఉద్యోగులు కదా అని అవతలి పక్షం అనవచ్చు. అందుకు సమాధానం 2000 నాటి ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్ తీర్పులో ఉంది. మస్టర్ రోల్ (దినసరి హాజరు పట్టీ) మీద రోడ్డు పనులు చేసే దినకూలీ మహిళలకు, రెగ్యులర్ కానందువల్ల ప్రసూతి ప్రయోజనాలు వర్తించవన్న కార్పొరేషన్ వాదనను అందులో కోర్టు తోసిపుచ్చింది. 2023లో కవితా యాదవ్ కేసులో మరో అడుగు ముందుకు వేసి, కాంట్రాక్టు గడువు మధ్యలో ముగిసిపోయినా, అప్పటికే అర్హత సంపాదించిన మహిళకు ప్రసూతి ప్రయోజనం పూర్తి కాలానికి అందాలని చెప్పింది.

ఒక ఇబ్బందిని కూడా దాచకుండా చెప్పాలి. మీరు ఏజెన్సీ ద్వారా వచ్చారు కాబట్టి, ఆఫీసు మీకు యజమాని అవునా కాదా అన్న వాదన తప్పకుండా వస్తుంది. 2014లో బల్వంత్ రాయ్ సలూజా కేసులో సుప్రీంకోర్టు దీనికి కొన్ని గుర్తులు చెప్పింది: నియమించేది ఎవరు, జీతం ఇచ్చేది ఎవరు, తొలగించే అధికారం ఎవరిది, క్రమశిక్షణ చర్య తీసుకునేది ఎవరు, పని మీద అదుపు, పర్యవేక్షణ ఎవరివి. ఏజెన్సీలు మారినా మీరు మారకపోవడం, సెలవులు అడగడానికి మీరు సూపరింటెండెంట్ దగ్గరికే వెళ్లడం, మిమ్మల్ని మార్చమని ఆఫీసే చెప్పడం మీకు అనుకూలమైన అంశాలు. జీతం ఏజెన్సీ పేరుతో రావడం ప్రతికూలం. అయితే ప్రభుత్వ కార్యాలయం వివక్షతో తీసుకున్న ఒక నిర్ణయాన్ని రాజ్యాంగం 226వ అధికరణం కింద రిట్ పిటిషన్ వేసి హైకోర్టులో సవాలు చేయడానికి, మీరు ప్రభుత్వోద్యోగి అని ముందుగా నిరూపించుకోవాలన్న నియమం లేదు. రిట్‌లో మన వాదనంతా ఆ నిర్ణయం చుట్టూనే నడవాలి.

జవాబు: విశ్రాంత గెజిటెడ్ అధికారి

ఆఫీసు లోపల ఈ ఫైలు ఎలా నడుస్తుందో నాకు తెలుసు కాబట్టి రాస్తున్నాను. ఔట్‌సోర్సింగ్ సేవల కొనసాగింపుకు ఆర్థిక శాఖ ఇచ్చే అనుమతి సాధారణంగా మార్చి 31 వరకు, ఇన్ని పోస్టులకు అని ఉంటుంది తప్ప అందులో మనుషుల పేర్లు ఉండవు. కుర్చీ కొన్ని నెలలు ఖాళీగా ఉంటే పోస్టు పోతుందేమో, పని ఆగుతుందేమో అన్న భయంతో కింది స్థాయి అధికారులు ఇలాంటి నోటిమాట ఆదేశాలు ఇస్తారు. సెలవు కాలానికి మాత్రమే ఏజెన్సీ నుంచి తాత్కాలికంగా ఒకరిని తీసుకుని, తర్వాత ఈమెనే చేర్చుకుంటామని ఒక నోట్ పెడితే సరిపోయే పనికి, ఒక మనిషి జీవనాధారాన్ని తీసేశారు. ఇది నాకు చాలా బాధ కలిగించింది.

మీ దరఖాస్తును ఈ రోజే రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో కార్యాలయ అధిపతికి, ఏజెన్సీకి విడివిడిగా పంపండి. చేతికి ఇచ్చిన కాగితాన్ని తిప్పి ఇవ్వగలరు గానీ, పోస్టులో వచ్చిన దానికి ఇన్‌వర్డ్ నంబరు వేయక తప్పదు. ఆ తర్వాత సమాచార హక్కు చట్టం కింద ఆఫీసుకు, ఏజెన్సీకి మధ్య జరిగిన ఒప్పందం నకలు, మీ హాజరు వివరాలు, మిమ్మల్ని మార్చమని ఏజెన్సీకి పంపిన లేఖ ఉంటే దాని నకలు అడగండి. అలాంటి లేఖ లేదని జవాబు వచ్చినా నష్టం లేదు, రాతపూర్వక ఆదేశం లేకుండానే తీసేశారని అదే సాక్ష్యమవుతుంది.

జవాబు: సంఘం కార్యకర్త, నల్లగొండ

పై ఇద్దరూ చెప్పింది సరైనదే. అయితే రిట్ వేయడమంటే ఖర్చు అని భయపడకండి. న్యాయ సేవాధికార సంస్థల చట్టం 1987 ప్రకారం మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. సోమవారం ప్రజావాణిలో కలెక్టర్ గారికి అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి, రాష్ట్ర మహిళా కమిషన్‌కు కూడా ఒక ప్రతి పంపండి.

నా సూచన మరొకటి ఉంది. ఎలాగూ కోర్టుకు వెళ్తున్నప్పుడు రెగ్యులరైజేషన్, సమాన పనికి సమాన వేతనం కూడా అందులోనే అడగాలి. ఏళ్ల తరబడి రెగ్యులర్ వాళ్ల పనే చేయించుకుని మూడో వంతు జీతం ఇవ్వడం కూడా వివక్ష కాదా?

జవాబు: సర్వీస్ కేసుల న్యాయవాది

సోదరా, మీ ఆవేదన న్యాయమైనదే. 2016లో జగ్జీత్ సింగ్ కేసులో రెగ్యులర్ వాళ్ల పనే చేసే తాత్కాలిక ఉద్యోగులకు ఆ పే స్కేలులోని కనీస వేతనం ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది, 2024 డిసెంబర్‌లో జగ్గో కేసులో ఔట్‌సోర్సింగ్‌ను బాధ్యతల నుంచి తప్పించుకునే మార్గంగా వాడుకోవడాన్ని తప్పుపట్టింది కూడా. కానీ వాటిని ఈ పిటిషన్‌లో కలపవద్దని గట్టిగా చెబుతాను. రెగ్యులరైజేషన్ అన్న మాట కనిపించగానే నిబంధనల ప్రకారం నియామకం జరగనివారికి రెగ్యులర్ అయ్యే హక్కు లేదన్న 2006 నాటి ఉమాదేవి తీర్పు ముందుకు వస్తుంది, నియామకం ఎలా జరిగింది, మంజూరైన పోస్టు ఉందా అన్న చర్చలోకి కేసు జారిపోతుంది, ఈలోగా ప్రసవం అయిపోతుంది. ఈమెకు ఇప్పుడు కావలసింది కేసు తేలేదాకా తొలగింపును ఆపే మధ్యంతర ఉత్తర్వు, ప్రసూతి డబ్బు. జీతాల వ్యత్యాసం మీద సంఘం తరఫున అందరికీ కలిపి వేరే కేసు వేయడం మేలు.

ఓరుగల్లు పాఠకురాలు

అందరికీ కృతజ్ఞతలు. "ఆమె ప్రెగ్నెంట్ కాబట్టి వచ్చే నెల నుంచి వేరే ఆపరేటర్‌ను పంపండి" అని సూపరింటెండెంట్ గారు పెట్టిన వాట్సాప్ సందేశాన్ని ఏజెన్సీ కోఆర్డినేటర్ నాకు ఫార్వర్డ్ చేశారు. అది పనికొస్తుందా? డబ్బు విషయం కూడా చెప్పగలరు.

జవాబు: సర్వీస్ కేసుల న్యాయవాది

చాలా పనికొస్తుంది. కారణం ఏమిటో, నిర్ణయం ఎవరిదో రెండూ ఆ ఒక్క వాక్యంలో ఉన్నాయి. దాన్ని తొలగించకండి, ఆ ఫోన్ మార్చకండి, స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టుకోకుండా మొత్తం చాట్‌ను భద్రపరచండి.

డబ్బు విషయానికి వస్తే, మీ జీతం 21,000 రూపాయల ఈఎస్ఐ పరిమితి లోపలే ఉంది, చందా కూడా కోస్తున్నారు కాబట్టి 26 వారాల ప్రసూతి ప్రయోజనం మీకు ఈఎస్ఐ కార్పొరేషన్ నుంచి రావాలి. దీనికి ముందటి రెండు చందా కాలాల్లో (ఒక్కోటి ఆరు నెలలు) కనీసం 70 రోజులకు చందా చెల్లించి ఉండాలి. ఇప్పుడు మిమ్మల్ని తీసేసినా అప్పటిదాకా కట్టిన చందాలు లెక్కలోకి వస్తాయి, క్లెయిమ్ మానుకోవద్దు. ఏజెన్సీ జీతంలో కోసి కార్పొరేషన్‌కు కట్టలేదని తేలితే, కాంట్రాక్టర్ ద్వారా వచ్చినవారి చందా చెల్లించే మొదటి బాధ్యత ప్రధాన యజమానిదే, అంటే మీ ఆఫీసుదే, అని ఈఎస్ఐ చట్టం 40వ సెక్షన్ చెప్పింది. ఆ చట్టం స్థానంలో కొత్త సామాజిక భద్రత కోడ్ వచ్చినా, చందా బాధ్యత ఎవరిదన్నదే అడగవలసిన ప్రశ్న.

ఇది చదువుతున్న ఇతర సోదరీమణుల్లో జీతం ఆ పరిమితి దాటి, ఈఎస్ఐ లేనివారికి దారి వేరు. 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టం స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రత కోడ్ అమల్లోకి వచ్చింది. ప్రసవానికి ముందు 12 నెలల్లో 80 రోజుల పని, 26 వారాల ప్రయోజనం అన్నవి అందులోనూ కొనసాగాయి.

మీరు ఈఎస్ఐ పోర్టల్‌లో మీ ఇన్సూరెన్స్ నంబరుతో చందాల చరిత్రను ఈ రాత్రికే తీసి చూసుకోండి, ఏ నెలైనా ఖాళీగా కనిపిస్తే ఆ నెల జీతం స్లిప్పును జత చేసి బ్రాంచి ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వండి. రిట్‌కు నిర్ణీత గడువు లేకపోయినా ఆలస్యం చేస్తే మధ్యంతర ఉత్తర్వు రావడం కష్టమవుతుంది కాబట్టి, స్పీడ్ పోస్టు రసీదు చేతికి రాగానే న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి.