పాత టేకు తలుపు చుట్టూ సందులు: పొగ రాకుండ ఎట్ల సరిచెయ్యాలె?

ప్రశ్న (మిర్యాలగూడ):
అన్నలకు నమస్తే. మాది తాత కట్టించిన ఇల్లు. కింద కిరాణా కొట్టు, పైన మేముంటం. మెట్ల దగ్గర పాత టేకు తలుపు. దాని అవతలనే నూనె డబ్బాలు, అట్టపెట్టెలు, ఇన్వర్టర్ బ్యాటరీ. రాత్రి ఏదన్న అంటుకుంటే పొగ నేరుగ మెట్లెక్కి అమ్మ పండుకునే అర్రలకు వస్తది. ఆమెకు మోకాళ్ల నొప్పులు, గబగబ దిగలేదు. బందుల దిక్కు పైన సందు పెద్దగుంది. గొళ్లెం దిక్కు పై మూల చౌకట్టును రాసుకుంటది, కిందికొస్తే చిటికెనవేలు దూరుతది. ఫోమ్ కొట్టిస్తే సరిపోతదా? తలుపు తీసెయ్యడానికి మనసొప్పుతలేదు.

జవాబు (దేవరకొండ, వడ్రంగి పని):
తమ్మీ, ఫోమ్ ముచ్చట మర్చిపో. డబ్బాలకెల్లి కొడితే ఉబ్బి గట్టిపడే మామూలు పీయూ (పాలీయురేతేన్) ఫోమ్ మంటకు అంటుకుంటది. నువ్వు చెప్పిన లెక్కన పై బంద స్క్రూలు వదులై రెక్క ఒరిగింది. రాసుకునే మూలకు రంద పట్టనియ్యకు, పట్టిస్తే ఆడ కూడ సందే మిగులుతది. రెక్క దించి, పాత స్క్రూ బొక్కలల్ల జిగురుతోటి టేకు చీలలు కొట్టించు. ఆరినంక పొడుగు స్క్రూలు బిగించు. శానా వంకర దాంతోనే పోతది.

అప్పటికీ సందుంటే రెక్క అంచు తిన్నగ చేసి టేకు పట్టీ జిగురు, స్క్రూలతోటి అతికియ్యాలె. కొందరు చెక్కపొట్టు, ఫెవికాల్ ముద్ద నింపి రంగేస్తరు. అది రాలిపోతది, నేనైతే చెయ్య. పక్కలకు, పైన సందు 3 మిల్లీమీటర్లు ఉండేటట్టు చూసుకో, 4 దాటొద్దు. ఇప్పటి రూపాయి బిళ్లలు రెండు జతచేస్తే దాదాపు 3 అయితది, వాటితోనే చుట్టూ జరిపి చూడు. వానకు ఉబ్బినప్పుడు కొలిస్తే ఎండకాలం సందు పెరుగుతది, అది యాదిల పెట్టుకో.

జవాబు (మహబూబ్‌నగర్, ఫైర్ సేఫ్టీ పనులు):
అన్న చెప్పింది నిజం. సందు సరయినంక అంచుల గాడి తీసి ఇంట్యూమెసెంట్ (వేడికి ఉబ్బే) పట్టీ పెట్టించండి. దాదాపు 200 డిగ్రీల వేడికి ఉబ్బి సందు మూస్తది. కానీ పొగ అంతకన్న ముందే వస్తది, అందుకే బ్రష్ గానీ రబ్బరు రెక్క గానీ ఉన్న రకమే తీసుకోండి. కింద గడప దగ్గరి సందు మర్వకండి.

నాకు ఎక్కువ భయం తలుపు నడిమి పలకల మీద. మంటల టేకు నిమిషానికి సుమారు 0.5 మిల్లీమీటరు బొగ్గయితది. మందపు చట్రం ఆగుతది గానీ పల్చటి పలక, దాని అంచులు ముందే పోతయి. కొట్టు దిక్కు మంటకు అంటుకోని కాల్షియం సిలికేట్ బోర్డు కొట్టించండి. ఇంత చేసినా ఇది ఐఎస్ 3614 (ఫైర్ డోర్ల భారత ప్రమాణం) ప్రకారం పరీక్షించిన ఫైర్ డోర్‌తోటి సమానం కాదు. మెట్లల్ల పొగ అలారం పెట్టండి. తలుపు దానంతట అదే మూసుకోవాలె, పైనుంచి వచ్చేటోళ్లకు తాళంచెవి లేకుండ తెరుసుకోవాలె.

ప్రశ్న అడిగినాయన:
చూసిన అన్నా, పై బంద స్క్రూలు వేలుతోనే తిరుగుతున్నయి. బ్యాటరీ ఇయ్యాలనే బయటి వరండాలకు మార్చిన. చౌకట్టుకు, గోడకు నడుమ సున్నం రాలిన సందుంది, దానికేం చెయ్యాలె?

జవాబు (దేవరకొండ):
వదులు సున్నమంత గీకి, తడిపి, సిమెంటు మాల్ లోపలిదాక కూరిపియ్యి. రెక్క ఎక్కియ్యకముందే చెయ్యి, చౌకట్టు కదిలితే మళ్ల కొలతలన్ని మారుతయి.