కామన్ లిస్ప్‌లో జీటీకే 3 (విండోలు గీసే లైబ్రరీ) లోడ్ అవడం లేదు, ఎవరికైనా ఇలా వచ్చిందా?

బ్రాకెట్ల బాధితుడు:
పొద్దున్నుంచి ఇదే పని, తల వేడెక్కిపోయింది. చిన్న తెలుగు నిఘంటువు యాప్ రాస్తున్నా. పైన వెతికే పెట్టె, కింద అర్థాలు, అంతే. లిస్ప్ లైబ్రరీలు దించే క్విక్‌లిస్ప్‌తో, జీటీకేని లిస్ప్‌కి కలిపే సీఎల్-సీఎఫ్‌ఎఫ్‌ఐ-జీటీకే దించి లోడ్ చేస్తుంటే, జీటీకేకి పునాది అయిన గ్లిబ్ దగ్గర ఆగిపోతోంది. ఇచ్చిన పేర్లలో ఏ లైబ్రరీనీ లోడ్ చేయలేకపోయానంటోంది. ఫైలు కళ్లముందే ఉంది! ఆ ఫోల్డర్ ఎక్కడుందో, సీ లైబ్రరీలను లిస్ప్‌లోకి తెచ్చే సీఎఫ్‌ఎఫ్‌ఐకి చెప్పాను కూడా. డాక్యుమెంటేషన్‌లో దీని మీద ఒక్క ముక్క లేదు.

నిల్:
ఏ ఓఎస్? ఏ లిస్ప్?

లాంబ్డా బాబాయ్:
క్విక్‌లిస్ప్ అన్నారు కాబట్టి ముందు ఒక మాట. 2010లో వచ్చినప్పటి నుంచి దాని మీద బీటా అనే ఉంది. ప్యాకేజీలను హెచ్‌టీటీపీఎస్ కూడా లేకుండా దించుతుంది. మధ్యలో ఎవడైనా ఫైలు మార్చేస్తే మీకు తెలిసే దారేది? నేను ప్రతి ప్రాజెక్టుకీ సోర్స్ కోడ్ విడిగా గిట్‌లో పెట్టుకుంటా, కోడ్‌ను కంపైల్ చేసి లోడ్ చేసే ఏఎస్‌డీఎఫ్‌కి ఆ ఫోల్డర్ చూపిస్తా. ఇంకోటి, మీరు చదివే ట్యుటోరియల్ ఒక రిపోది, క్విక్‌లిస్ప్ ఇచ్చేది దాని ఫోర్క్, అంటే వేరొకరు విడిగా నడిపే నకలు. రెండింటికీ అన్నిచోట్లా పొంతన ఉండదు. పైగా గూగుల్ చేస్తే జీటీకే 4 పేజీలే ముందొస్తాయి. అందులో కంటైనర్ అనే క్లాసునే తీసేశారు, షో-ఆల్ కూడా లేదు. అది చూసి 3లో రాస్తే గోవిందా.

బ్రాకెట్ల బాధితుడు:
బాబాయ్ గారూ, ఇంకా లోడే కాలేదండీ. లిస్ప్ కంపైలర్ ఎస్‌బీసీఎల్, ఎడిటర్ ఈమ్యాక్స్, దాన్ని లిస్ప్‌కి కలపడానికి స్లైమ్.

స్టాక్‌ట్రేస్:
ఎస్‌బీసీఎల్ అయితే ఫ్లోట్ ట్రాప్‌లు బ్రదర్. సీ లైబ్రరీలు లోపల సున్నాతో భాగించి పట్టించుకోవు, ఎస్‌బీసీఎల్ మాత్రం దాన్ని ఎర్రర్‌గా పట్టుకుంటుంది. ఆ పట్టుకోవడాన్ని ఆపే విత్-ఫ్లోట్-ట్రాప్స్-మాస్క్‌డ్ కోడ్ చుట్టూ పెట్టండి.

నిల్:
లైబ్రరీ లోడ్ కాకుండానే భాగహారం ఎవరు చేస్తున్నారు? ఓఎస్ చెప్పలేదు ఇంకా.

సెమికోలన్:
జీటీకే ఎందుకసలు? టీకే అనే ఇంకో విండోల లైబ్రరీని లిస్ప్ నుంచి వాడించే ఎల్‌టీకే పెట్టుకోండి. అది మంచి బైండింగ్, డాక్యుమెంటేషన్ కూడా చిన్నదీ చక్కనిదీ.

లాంబ్డా బాబాయ్:
ఎల్‌టీకేని బైండింగ్ అనకూడదు. అది టీకేతో వచ్చే విష్ ప్రోగ్రామును వేరే ప్రాసెస్‌గా లేపి, పైపులోంచి టీసీఎల్ అనే భాషలో వాక్యాలు పంపుతుంది. బైండింగ్ లాగా సీ ఫంక్షన్ ఒక్కటీ నేరుగా పిలవదు.

సెమికోలన్:
అందుకే కదా ఈ గొడవ దానికి రాదంటున్నా! పేరు ఏదైతేనేం.

లాంబ్డా బాబాయ్:
పేరు సరిగ్గా లేకపోతే తప్పు ఎక్కడ వెతకాలో కూడా తెలియదు.

అక్షరమాల:
నిఘంటువు అన్నారు కదా, ఎల్‌టీకే అడుగున ఉండే టీకే 8.6 లైనక్స్‌లో తెలుగు ఒత్తులను విడగొట్టేస్తుంది. "స్త్రీ" అని పెట్టి చూడండి, ఏడుపొస్తుంది. జీటీకేలో అక్షరాలు కూర్చే ప్యాంగో, హార్ఫ్‌బజ్ లైబ్రరీలు ఉన్నాయి కాబట్టి అక్షరాలు సరిగ్గా కూర్చుంటాయి. జీటీకే వదలొద్దు.

బ్రాకెట్ల బాధితుడు:
నాది మ్యాక్. ఎం2, అంటే ఆర్మ్ చిప్.

నిల్:
హమ్మయ్య. ఎస్‌బీసీఎల్‌లో మెషీన్-టైప్ అని అడగండి, ఏం వస్తుందో ఇక్కడ పెట్టండి. సీఎఫ్‌ఎఫ్‌ఐ ఇచ్చే ఆ మెసేజ్ అసలు కారణాన్ని మింగేస్తుంది. గ్లిబ్ ఫైలు పూర్తి పాత్ ఇచ్చి లోడ్-షేర్డ్-ఆబ్జెక్ట్‌ను నేరుగా పిలిస్తే సిస్టమ్ ఏమంటోందో కనబడుతుంది.

బ్రాకెట్ల బాధితుడు:
ఎక్స్86-64 అని, అంటే ఇంటెల్ రకం అని వచ్చింది. నేరుగా పిలిస్తే ఇన్‌కంపాటిబుల్ ఆర్కిటెక్చర్, ఉన్నది ఆర్మ్64, కావలసింది ఎక్స్86-64 అంటోంది. కానీ ఇది ఎం2 అండీ.

నిల్:
పాత ఇంటెల్ మ్యాక్ నుంచి అన్నీ ఇందులోకి తెచ్చుకున్నారా?

బ్రాకెట్ల బాధితుడు:
అవును, మైగ్రేషన్ అసిస్టెంట్‌తో. దానికీ దీనికీ ఏంటి సంబంధం?

నిల్:
ఆ పాత ఎస్‌బీసీఎల్ యూజర్ లోకల్ ఫోల్డర్ కింద కూర్చుని, ఇంటెల్ ప్రోగ్రాములను ఆర్మ్ మ్యాక్‌లో నడిపే రోసెటా మీద నడుస్తోంది. కొత్త హోమ్‌బ్రూ (మ్యాక్‌లో ప్యాకేజీలు వేసే సాధనం) జీటీకేని ఆప్ట్ ఫోల్డర్ కింద పెట్టింది, అది ఆర్మ్. ఇంటెల్ ప్రాసెస్ ఆర్మ్ లైబ్రరీని ఎత్తుకోలేదు, దారి ఎన్నిసార్లు చూపించినా అంతే. కొత్త హోమ్‌బ్రూతోనే ఎస్‌బీసీఎల్ వేసి, స్లైమ్‌లో ఏ లిస్ప్ నడపాలో చెప్పే ఇన్‌ఫీరియర్-లిస్ప్-ప్రోగ్రామ్ దానికి మార్చండి.

స్టాక్‌ట్రేస్:
క్యాష్‌లో పాత ఫాజిల్ ఫైళ్లు (కంపైల్ అయిన లిస్ప్ కోడ్) కూడా తీసేయండి.

నిల్:
అక్కర్లేదు. ఏఎస్‌డీఎఫ్ ఆర్కిటెక్చర్‌ను బట్టి వేరే ఫోల్డర్ పెడుతుంది.

సెమికోలన్:
మ్యాక్‌లో టీకే అక్షరాలు గీయించేది యాపిల్ సొంత కోర్ టెక్స్ట్‌తో. ఒత్తులు బాగానే వస్తాయి, అక్షరమాల గారూ.

అక్షరమాల:
యాప్ వాడేవాళ్లందరికీ మ్యాక్ ఉంటుందా సార్?

బ్రాకెట్ల బాధితుడు:
లోడ్ అయింది, థాంక్స్. ఇప్పుడు విండో తెరవబోతే ఎన్‌ఎస్‌విండో, మెయిన్ థ్రెడ్ అని ఏదో చెప్పి ఎస్‌బీసీఎల్ మొత్తం పడిపోతోంది.

నిల్:
మ్యాక్‌లో విండో పనులన్నీ మెయిన్ థ్రెడ్‌లోనే జరగాలి. ఉదాహరణల్లో కనిపించే వితిన్-మెయిన్-లూప్ వేరే థ్రెడ్ పుట్టిస్తుంది, స్లైమ్ కూడా మీ కోడ్‌ను వేరే థ్రెడ్‌లోనే నడుపుతుంది. కోడ్‌ను మెయిన్ థ్రెడ్‌లో నడిపించే ట్రివియల్-మెయిన్-థ్రెడ్ లైబ్రరీ చూడండి.

లాంబ్డా బాబాయ్:
డబ్బు పెట్టగలిగితే లిస్ప్‌వర్క్స్ అనే లిస్ప్‌లో సీఏపీఐ అనే సొంత విండోల లైబ్రరీ ఉంది, ఇవేవీ ఉండవు.

సెమికోలన్:
ఎల్‌టీకేలోనూ ఉండవు. ఊరికే చెప్తున్నా.