తాడూసాక్ ట్రిప్: ఎవరెవరు ఏ పని చూస్తున్నారు?

కోఆర్డినేటర్:
అందరికీ నమస్కారం. మన అసోసియేషన్ వేసవి పిక్నిక్ ఈసారి తాడూసాక్‌లోనే అని కమిటీలో ఖాయమైంది. క్యూబెక్‌లో తిమింగలాలు చూడ్డానికి జనం వెళ్ళే ఊరు అది. మాంట్రియల్ నుంచి 480 కిలోమీటర్ల దాకా ఉంటుంది, బస్సులో ఆరు గంటలకు తక్కువ పట్టదు. అందుకే శని, ఆదివారాలు పెట్టుకుని రాత్రి అక్కడే ఉందాం. ఆగస్టులో తిమింగలాలు బాగా కనిపిస్తాయి, పిల్లలకు బడీ ఉండదు.

నాదొక మాట. తిమింగలాలు చూపించే పడవకు అందరికీ కలిపి టికెట్లు కొనొద్దు. పడవ ఎక్కేవాళ్ళు ఎవరి టికెట్ వాళ్ళు కొనుక్కుంటారు. అసోసియేషన్ డబ్బుతో మాత్రం మిగిలినవాళ్ళందర్నీ కాప్-ద-బాన్-దెజీర్ అనే రాతి ఒడ్డుకు తీసుకెళ్దాం. తాడూసాక్ దాటాక బెర్జెరోన్ దగ్గర ఉంటుంది. అక్కడ ఒడ్డు పక్కనే నీళ్ళు ఒక్కసారిగా లోతైపోతాయి కాబట్టి మింకీ తిమింగలాలు రాళ్ళకు బాగా దగ్గరగా వస్తాయి. రాతి మీద కూర్చుంటే ఊపిరి వదిలిన చప్పుడు కూడా వినిపిస్తుంది. ప్రభుత్వ పార్కుల సంస్థ పార్క్స్ కెనడా చూసుకునే చోటు, 17 ఏళ్ళలోపు పిల్లలకు టికెట్ లేదు.

రిజిస్ట్రేషన్లు:
అక్కా, అంత దూరం వెళ్ళి పడవ ఎక్కకపోతే జనం ఊరుకుంటారా? ఇప్పటికే నలుగురు జోడియాక్ అడిగారు.

కోఆర్డినేటర్:
అడగనీ తమ్ముడూ. జోడియాక్ అంటే గాలి నింపిన రబ్బరు పడవ, మొహం మీద నీళ్ళు కొడతాయి. చంటిపిల్లల్ని ఎక్కించుకోరు, నడుంనొప్పి ఉన్నవాళ్ళకు అసలు పనికిరాదు. పెద్దవాళ్ళతో వచ్చేవాళ్ళకు పెద్ద పడవ చెప్పు. ఎండ కాస్తున్నా సరే, స్వెటర్, టోపీ, గాలి దూరని జాకెట్ లేకుండా రావొద్దని ఫారంలో పైనే రాయి. కింద రాస్తే ఎవరూ చదవరు.

బస్సు:
దారి గురించి చెప్తాను. 138 రోడ్డు బే-సాంత్-కాత్రీన్ దగ్గర నీళ్ళ ఒడ్డున ఆగిపోతుంది. సాగ్నే నది మీద అక్కడ వంతెన లేదు, ఫెర్రీయే దిక్కు. డబ్బులు కట్టక్కర్లేదు, రాత్రింబగళ్ళు నడుస్తుంది, పది నిమిషాల్లో దాటిస్తుంది. వేసవి శనివారాల్లో మాత్రం క్యూ ఉంటుంది, కాబట్టి పొద్దున ఐదున్నరకు బస్సు కదులుతుంది. ఐదున్నర అంటే ఐదున్నరే, మన టైము కాదు!

ఫెర్రీలో బస్సు దిగి పైకి రండి. ఎడమ పక్క ఫియోర్డ్, అంటే కొండల మధ్య లోతైన నీటి లోయ, దాని కొండలు నిట్టనిలువుగా ఉంటాయి. సాగ్నే వచ్చి సెయింట్ లారెన్స్‌లో కలిసే ఆ మూలలోనే బెలూగా తిమింగలాలు తిరుగుతుంటాయి. తెల్లగా ఉంటాయి, వీపు మీద రెక్క ఉండదు, అందుకే అల మీద నురగ అనుకుని వదిలేస్తాం. అదే చోట తెల్లమచ్చ మళ్ళీ మళ్ళీ పైకి లేస్తుంటే అది నురగ కాదని పిల్లలకు చెప్పండి.

భోజనాలు:
దారికి పులిహోర, ఐస్ పెట్టెలో దద్దోజనం. దారిలో వచ్చే షార్లెవువా కొండల్లో ఎత్తుపల్లాలు ఎక్కువ, కడుపులో తిప్పేవాళ్ళు మాత్ర ముందే వేసుకోండి. పడవ ఎక్కే రోజు పొద్దున మిరపకాయ బజ్జీలు చేయను, ఎవరు బతిమాలినా సరే.

పిల్లల కార్యక్రమాలు:
బస్సులో క్విజ్ పెడదాం. తిమింగలాలు ఇక్కడికే ఎందుకొస్తాయి అన్నది మొదటి ప్రశ్న. 300 మీటర్లకు పైగా లోతున్న లోరెన్షియన్ ఛానెల్, అంటే నీటి అడుగున ఉన్న పొడవాటి లోయ, తాడూసాక్ దగ్గర ముగుస్తుంది. అట్లాంటిక్ నుంచి ఆ లోతులో వచ్చిన చల్లటి నీరు ఇక్కడ పైకి తన్నుకొస్తుంది, దాంతో పాటు క్రిల్ కూడా వస్తుంది. నీలి తిమింగలమంతటిది ఆ చిన్న రొయ్యల్లాంటివి తినే బతుకుతుంది! తాడూసాక్‌లోని 1747 నాటి చెక్క చర్చి, ఎర్రటి పైకప్పున్న హోటల్ ఫొటోలు కూడా క్విజ్‌లో పెడతాను.

రిజిస్ట్రేషన్లు:
ఒకాయన డ్రోన్ తెస్తానంటున్నారు.

కోఆర్డినేటర్:
వద్దని గట్టిగా చెప్పు. 1998 నుంచి అక్కడి నీళ్ళు సాగ్నే–సెయింట్ లారెన్స్ మెరైన్ పార్క్, అంటే జలజీవుల రక్షిత ప్రాంతం. బెలూగాలకు పడవలే 400 మీటర్ల దూరంలో ఉండాలి, ఇక డ్రోన్ సంగతి చెప్పక్కర్లేదు.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలున్నవాళ్ళు నాకు ఫోన్ చేయండి. కాప్-ద-బాన్-దెజీర్ దగ్గర రాళ్ళు ఎగుడుదిగుడుగా ఉంటాయి, ఒక్కొక్కరికీ ఒక వాలంటీర్ తోడుండాలి. మోకాళ్ళు సహకరించనివాళ్ళను తాడూసాక్‌లో పడవల రేవు పక్కనున్న పోయింత్-ద-లీలే దారిలో తిప్పుదాం, అక్కడినుంచీ తిమింగలాలు కనిపిస్తాయి. ఈ పనికి ఇద్దరు కావాలి, ఇంకా ఎవరూ పేరివ్వలేదు.