కింద హాల్లో వైఫై డబ్బా, పైన రూములో కంప్యూటర్: సిగ్నల్ అందేదెట్లా?

ప్రశ్న, సుబేదారి (హన్మకొండ) నుంచి:
అన్నలకు, అక్కలకు నమస్తే. ఫైబర్ డబ్బా కింద హాల్లో టీవీ వెనకాల ఉంది. మా అమ్మాయి కంప్యూటర్ పైన వెనక రూములో. ప్లాన్ 100 ఎంబీపీఎస్. డబ్బా పక్కన నిలబడి ఫోన్లో చూస్తే 90 దాటుతుంది. పైన కంప్యూటర్లో 5, 6 దగ్గరే ఊగుతుంది. ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) మాక్ టెస్టు మధ్యలో కట్ అయితే ఇంట్లో అందరికీ టెన్షన్. కనెక్షన్ ఇచ్చినాయన పెద్ద ప్లాన్ తీసుకోమంటాడు, షాపాయన వైఫైని అందుకొని మళ్లీ ముందుకు పంపే రిపీటర్ కొనమంటాడు. అటక మీద పాత రౌటర్ ఒకటుంది. ఏం చేయమంటారు?

జవాబు, కాజీపేట నుంచి:
పెద్ద ప్లాన్ జోలికి పోకండి. డబ్బా పక్కన 90 వస్తుందంటే లైన్ మంచిగానే ఉంది. 300 ప్లాన్ వేయించినా పైకి వచ్చేది ఇంతే, బిల్లు మాత్రం పెరుగుతుంది.

ముందు తప్పు ఇంటిదా, కంప్యూటర్‌దా తేల్చుకోండి. అదే ఫోన్ తీసుకెళ్లి సరిగ్గా కంప్యూటర్ ఉన్న చోట పెట్టి చూడండి. ఫోన్లో 40 వచ్చి కంప్యూటర్లో 5 వస్తే తప్పు కంప్యూటర్‌కు వైఫై అందించే చిన్న యూఎస్‌బీ ముక్కది, అంటే డాంగిల్‌ది. చాలామంది దాన్ని సీపీయూ వెనక గుచ్చుతారు. ముందు రేకు డబ్బా, వెనక గోడ, మధ్యలో డాంగిల్. ఒక యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరుతో టేబుల్ మీదికి తెచ్చి పెడితే కొంత తేడా వస్తుంది. డాంగిల్ పక్కనే నీలం రంగు యూఎస్‌బీ 3.0 పోర్టులో హార్డ్ డిస్కు ఉంటే డాంగిల్‌ను అక్కడి నుంచి తీసేయండి. ఆ 3.0 పోర్టుల రొద 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను పాడు చేస్తుంది.

సుబేదారి నుంచి:
చూశాను అన్నా. పైన ఫోన్లో 12, మెట్ల మలుపులో 60. డాంగిల్ బయటికి తెచ్చాక కంప్యూటర్లో 10 వస్తుంది.

కాజీపేట నుంచి:
అయితే అసలు అడ్డం స్లాబే. కాంక్రీటు ఒకెత్తు, అందులో జాలీలాగా అల్లిన సలాకలు ఇంకో ఎత్తు. వైఫై సిగ్నల్ 5 గిగాహెర్ట్జ్, 2.4 గిగాహెర్ట్జ్ అని రెండు రకాలుగా వస్తుంది. 5 వేగం ఎక్కువే కానీ గోడ దాటడంలో బలహీనం. 2.4 దూరం పోతుంది కానీ వేగం తక్కువ, పైగా చుట్టుపక్కల ఇళ్ల వైఫైలు చాలావరకు అందులోనే ఉంటాయి. డబ్బాను టీవీ వెనక నుంచి తీసి మెట్ల దగ్గర గోడకు ఎత్తులో పెట్టించగలిగితే పెద్ద ఖర్చు లేకుండా సగం బాధ తీరుతుంది. దారిలో ఇనుప బీరువా ఉందేమో కూడా చూడండి.

జనగామ నుంచి:
మా ఇంట్లో రిపీటర్‌తోనే నడుస్తుంది, ఫోన్లకు ఏ ఇబ్బందీ లేదు.

కాజీపేట నుంచి:
ఫోన్లో వీడియోలకు నడుస్తుంది, కాదనను. కానీ చౌక రిపీటర్ వినడం, మళ్లీ పలకడం ఒకే రేడియోతో చేస్తుంది కాబట్టి వేగం దాదాపు సగానికి పడుతుంది. దాన్ని సిగ్నల్ రాని రూములో పెడితే అస్సలు లాభం లేదు, సిగ్నల్ ఇంకా బలంగా ఉన్న మెట్ల మలుపులో పెట్టాలి. పరీక్షలు రాసే కంప్యూటర్‌ను మాత్రం నేనైతే దాని మీద వదలను.

కరీంనగర్ నుంచి:
కరెంటు వైర్ల మీదే నెట్ పంపే పవర్‌లైన్ అడాప్టర్లు కూడా ఉన్నాయి. కానీ కింద ఒక మీటరు, పైన ఒక మీటరు ఉంటే వాటిని నమ్ముకోవద్దు.

కాజీపేట నుంచి:
ఇగ అసలు మాట. ఒక లాన్ కేబుల్ (నెట్ వైరు) కింది డబ్బా నుంచి పైకి లాగండి. క్యాట్ 6 రకమైనా, క్యాట్ 5ఈ రకమైనా 100 మీటర్ల దాకా పనిచేస్తుంది, మీకు అందులో పావు వంతు కూడా పట్టదు. కొనేటప్పుడు మొత్తం రాగిదే అడగండి. అల్యూమినియం మీద రాగి పూత వేసిన రకం తక్కువకు వస్తుంది, వంచితే విరుగుతుంది. కరెంటు వైర్లున్న పైపులోంచి లాగొద్దు. బయటి గోడ మీంచి తెస్తే పీవీసీ పైపులో వేయండి. మన దగ్గర ఎండ ఒకవైపు, కోతులు ఇంకోవైపు. ఊరికే వేలాడే వైరు మిగలదు. ఉరుములొస్తే రెండు చివరలా జాక్ పీకేయండి.

ఒక్క కంప్యూటరే కావాలంటే ఆ కేబుల్‌ను నేరుగా దాని లాన్ పోర్టుకు పెట్టండి, అయిపోయింది. పైన ఫోన్లకు కూడా కావాలంటే మీ పాత రౌటర్ దించండి. రీసెట్ చేసి, ఏదైనా కంప్యూటర్‌కు కేబుల్‌తో కలిపి దాని సెట్టింగులు తెరవండి. మొదట దాని అడ్రస్ మార్చాలి: కింది డబ్బా 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వండి. తర్వాత డీహెచ్‌సీపీ ఆపేయండి. ఇంట్లో అడ్రసులు పంచే పని కింది డబ్బా ఒక్కటే చేయాలి, ఇద్దరు పంచితే గందరగోళం. పాస్‌వర్డ్ రకం డబ్ల్యూపీఏ2 ఉండాలి. 2.4 వైఫై ఛానెల్ కింది డబ్బాలో 1 అయితే పైన 6 గానీ 11 గానీ పెట్టండి. చివరగా కింద నుంచి వచ్చిన కేబుల్‌ను దీని లాన్ పోర్టులో గుచ్చండి. వేరే రంగులో ఉండే వాన్ పోర్టు (బయటి నెట్ లైన్ పెట్టేది) ఖాళీగానే వదిలేయండి, చాలామంది అక్కడే తడబడతారు. కంప్యూటర్‌ను ఇంకో లాన్ పోర్టుకు వైరుతోనే కలపండి.

సుబేదారి నుంచి:
కేబుల్ లాగించాం అన్నా, కంప్యూటర్లో 92 వస్తుంది. పాత రౌటర్‌కు 100 ఎంబీపీఎస్ పోర్టులే ఉన్నాయట, పర్వాలేదా? ఇంకోటి, పైకి వచ్చినా నా ఫోన్ కింది వైఫైనే పట్టుకొని ఉంటుంది.

కాజీపేట నుంచి:
మీ ప్లానే 100 కాబట్టి దానితో నష్టం లేదు. ఫోన్ సంగతికొస్తే, పాత సిగ్నల్ బాగా పడిపోయేదాకా అది వదలదు. పైన వైఫైకి వేరే పేరు పెట్టి చేత్తో మార్చుకోండి, లేదా కింది డబ్బాలో సిగ్నల్ పవర్ ఒక మెట్టు తగ్గించండి.

కరెంటు పోయినప్పుడు కింది డబ్బా, పై రౌటర్ రెండూ నడవాలి కదా. ఇన్వర్టర్ లైన్ పైన రూముకు లేకపోతే ఆ రౌటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టండి. కొనే ముందు రౌటర్ అడాప్టర్ మీద రాసిన ఓల్టు చూసుకోండి. 9 ఓల్టుల దానికి 12 ఓల్టులది తగిలిస్తే కాలిపోవచ్చు. ఓల్టు సరిపోయాక ఆంపియర్ అంతే ఉన్నా, ఎక్కువున్నా ఇబ్బంది లేదు.