కొత్త డిస్కును పాతదానితో కలపాలా, విడిగా మౌంట్ చేయాలా?

గాజువాక: మా గిడ్డంగి లెక్కలు నడిచే లినక్స్ సర్వర్‌లో ఎల్‌వీఎం (డిస్కులను కలిపి పంచి ఇచ్చే లినక్స్ ఏర్పాటు) మీదున్న 500 జీబీ డిస్కు 94 శాతం నిండింది. ఫైల్ సిస్టమ్, అంటే ఫైళ్లను డిస్కులో అమర్చే పద్ధతి, ఎక్స్‌ఎఫ్‌ఎస్. 2 టీబీ డిస్కు కొని తెచ్చాం. దాన్ని పాత వాల్యూమ్ గ్రూపులో (ఎల్‌వీఎం ఒక్కటిగా చూసే డిస్కుల గుంపులో) కలపాలని ఒకరు, విడిగా మౌంట్ చేయాలని, అంటే వేరే ఫోల్డరుగా తగిలించాలని మరొకరు పట్టుబడుతున్నారు. అనుభవజ్ఞులు చెప్పగలరు.

సీతమ్మధార: కలిపేయండి. పీవీక్రియేట్‌తో కొత్త డిస్కును సిద్ధం చేసి, వీజీఎక్స్‌టెండ్‌తో గ్రూపులో చేర్చి, ఆపైన ఎల్‌వీఎక్స్‌టెండ్‌తో వాల్యూమ్‌ను, ఎక్స్‌ఎఫ్‌ఎస్_గ్రోఎఫ్‌ఎస్‌తో ఫైల్ సిస్టమ్‌ను పెంచండి. సర్వర్ ఆపకుండానే పని అయిపోతుంది. విడిగా పెడితే రేపు ఒకటి నిండి, రెండోది ఖాళీగా పడి ఉంటుంది.

మధురవాడ: వర్చువల్ మెషీన్ (సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన కంప్యూటర్) అయితే మీ మాటకు అడ్డు చెప్పను, అక్కడ ఉన్న డిస్కునే పెద్దది చేసుకోవచ్చు. ఇది నిజమైన పెట్టె. అలా పెంచిన వాల్యూమ్‌లో రెండో ప్రతి ఏదీ ఉండదు కనుక, రెండు డిస్కుల్లో ఏది పోయినా మొత్తం ఫైల్ సిస్టమ్ పోయినట్టే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక, కరెంటు తిరిగొచ్చిన రోజున మా ఆఫీసు సర్వర్‌లో పాత డిస్కు టిక్కుటిక్కుమని ఆగిపోయింది. పక్కనున్న కొత్త డిస్కు నిక్షేపంగా ఉన్నా, అందులోని ఒక్క ఇన్వాయిస్ కూడా చేతికి రాలేదు. పైగా ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ను పెంచడమే గానీ, మనసు మార్చుకుని కుదించడం కుదరదు. డేటాబేస్ డైరెక్టరీని మాత్రమే కొత్త డిస్కుకు తరలించి, ఎఫ్‌స్టాబ్‌లో (ఏ డిస్కును ఎక్కడ మౌంట్ చేయాలో చెప్పే ఫైలులో) ఎస్‌డీబీ అనే డిస్కు పేరు కాక, మారని గుర్తింపు సంఖ్య యూయూఐడీ రాయండి. రీబూట్‌లో డిస్కుల పేర్లు తారుమారు కావచ్చు. అన్నట్టు, డీఎఫ్ (డిస్కులో నిండిన చోటు), డీయూ (కనిపించే ఫైళ్ల మొత్తం) లెక్కలు పోల్చి చూశారా?

సీతమ్మధార: ప్రమాదం ఉందని ఒప్పుకుంటున్నాను. అయితే గ్రూపులో కలిపాక పీవీమూవ్‌తో పాత డిస్కులోని సమాచారమంతా కొత్తదానికి జరిపి, వీజీరెడ్యూస్‌తో పాతదాన్ని తప్పిస్తే మళ్లీ ఒకే డిస్కు మిగులుతుంది. ఇదంతా సర్వర్ నడుస్తుండగానే జరుగుతుంది.

మధురవాడ: ఆ దారి నాకూ నచ్చింది. కానీ సర్వర్ మొదలయ్యే ఫైళ్లుండే బూట్ విభాగం సాధారణంగా ఎల్‌వీఎం బయటే ఉంటుంది, పీవీమూవ్ దాన్ని ముట్టుకోదు. ఆ విభాగాన్నీ, సర్వర్‌ను లేపే బూట్‌లోడర్ ప్రోగ్రామునూ కొత్త డిస్కులో పెట్టకుండా పాతదాన్ని ఊడదీస్తే సర్వర్ లేవదు.

గాజువాక: రెండు లెక్కల మధ్య 38 జీబీ తేడా వచ్చింది. నెల కిందట చెరిపిన లాగ్ ఫైలును ఒక సర్వీసు ఇంకా తెరిచి పట్టుకుంది, అందుకే ఆ చోటు ఖాళీ కాలేదు. దాన్ని రీస్టార్ట్ చేయగానే 86 శాతానికి దిగింది. తొందర తగ్గింది కనుక, ఆదివారం బ్యాకప్ తీసి, అది తెరుచుకుంటుందో లేదో చూశాకే పీవీమూవ్ మొదలుపెడతాం.