కార్బురేటర్ మారుతి 800కు ఏ స్పార్క్ ప్లగ్ వేయాలి? ఎండలకు కోల్డ్ ప్లగ్ అంటున్నారు

పెన్నాతీరం, కడప:
నమస్తే అన్నా. బండి 1998 మారుతి 800, కార్బురేటర్ మోడల్. పెట్రోలే, గ్యాస్ కిట్ లేదు. పొద్దున స్టార్ట్ చేస్తే ఒక సిలిండర్ మిస్ కొడుతుంది, వేడెక్కేకొద్దీ సర్దుకుంటుంది. గువ్వలచెరువు ఘాట్‌లో మూడో గేరులో తొక్కితే ఇంజన్‌లోంచి కటకటమని శబ్దం కూడా వస్తోంది. ప్లగ్గులు విప్పితే రెండు ఎన్‌జీకే బీపీ5ఈఎస్, ఒకటి బాష్ డబ్ల్యూ5డీసీ. ఎన్‌జీకే రెండూ తెల్లగా ఉన్నాయి, బాష్‌ది పొడి మసి పట్టి నల్లగా ఉంది. సెకండ్ హ్యాండ్ బండి, హ్యాండ్‌బుక్ లేదు. మెకానిక్ ఏమో కడప ఎండలకు మూడూ కోల్డ్ ప్లగ్గులే వేయాలంటాడు. షాపులో ఇరిడియం తీసుకోమంటున్నారు. ఏ నంబరు తేవాలి, గ్యాప్ ఎంత, ఇంట్లో మార్చుకోవచ్చా?

టాపెట్ కవర్, అనంతపురం:
మీ ప్రశ్నకు సగం జవాబు ఆ పాత ప్లగ్గుల మీదే ఉంది. రెండిటి మీదా 5 ఉంది గదా అని ఎవరో ఒకటే రకమనుకుని వేసినట్టున్నారు. అక్కడే తప్పు జరిగింది. ఎన్‌జీకేలో, డెన్సోలో నంబరు పెరిగేకొద్దీ ప్లగ్ చల్లనిది. బాష్‌లో, ఛాంపియన్‌లో నంబరు పెరిగేకొద్దీ వేడిది. ఎన్‌జీకే బీపీ5ఈఎస్‌కు బాష్‌లో జోడీ డబ్ల్యూ8డీసీ, బీపీ6ఈఎస్‌కు డబ్ల్యూ7డీసీ. మీ బండిలో ఉన్న డబ్ల్యూ5డీసీ వీటికంటే చానా చల్లని ప్లగ్, గట్టిగా తిరిగే ఇంజన్లకు చేసింది.

కోల్డ్, హాట్ అనేవి ప్లగ్ తన వేడిని ఎంత తొందరగా హెడ్‌లోకి (ప్లగ్ బిగించే ఇంజన్ పైభాగం) దింపేస్తుందో చెప్పే మాటలు. బయటి ఎండతో వాటికి పెద్దగా పని లేదు. ప్లగ్ కొన సుమారు 450 డిగ్రీలు దాటితేనే దాని మీది మసి కాలిపోతుంది. 800 దాటి పోతే స్పార్క్ రాకముందే ఆ కొనే పెట్రోలును అంటిస్తుంది. ఈ రెండిటి మధ్య ఉండాలి. లోపల మండే వాయువు 2000 డిగ్రీలు దాటే చోట బయట 30 ఉన్నా 43 ఉన్నా ప్లగ్‌కు తేడా తక్కువ. ఊళ్లో ఏడురోడ్ల దగ్గర ఆగి ఆగి నడిచే 800లో డబ్ల్యూ5డీసీ ఆ 450ని అందుకోలేదు, మసి పడుతుంది. మసి కరెంటును పోనిస్తుంది కాబట్టి స్పార్క్ గ్యాప్‌లో దూకకుండా పింగాణీ మీదుగా బాడీకి దిగిపోతుంది. పొద్దున మిస్సింగ్‌కు మొదట అనుమానించాల్సింది ఇదే. మూడూ కోల్డ్ వేస్తే మూడు సిలిండర్లకూ అదే రోగం వస్తుంది.

నంబరు విషయం: బీపీఆర్5ఈఎస్ మూడు తెచ్చుకోండి, ఒకే కంపెనీ, ఒకే సెట్. ఇందులో బీ అంటే 14 మిల్లీమీటర్ల మర, 20.8 పానా పట్టే తల. పీ అంటే కొన ముందుకు పొడుచుకొచ్చిన రకం. ఆర్ అంటే లోపల రెసిస్టర్, దాదాపు 5 కిలో ఓమ్‌లు. ఈ అంటే మర పొడవు 19 మిల్లీమీటర్లు. ఈ అక్షరం విషయంలో రాజీ వద్దు. హెచ్ ఉంటే మర 12.7 మాత్రమే, హెడ్‌లో ఖాళీగా మిగిలిన మరల్లో కార్బన్ గట్టిపడి తర్వాత సరైన ప్లగ్ ఎక్కదు. 12.7 మర ఉన్న హెడ్‌లో 19ది వేస్తే పిస్టన్‌కు తగలొచ్చు. ఆర్ లేనిది వేసినా కార్బురేటర్ బండి నడుస్తుంది గానీ రేడియోలో గరగర వస్తుంది. ఎంపీఎఫ్ఐ బండిలో (కార్బురేటర్ బదులు కంప్యూటర్ చెప్పినట్టు ఇంజెక్టర్లు పెట్రోలు చిమ్మేది) మాత్రం ఆర్ తప్పనిసరి, లేకపోతే కంప్యూటర్‌కు వెళ్లే సిగ్నళ్లు చెడతాయి.

గ్యాప్ కార్బురేటర్ 800కు 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు. డబ్బాలోంచి తీసినది అలాగే ఉంటుందని నమ్మకుండా ఫీలర్ గేజ్ (మందం కొలిచే సన్న రేకుల కట్ట) పెట్టి చూడండి. 0.8 రేకు కొంచెం రాసుకుంటూ దూరాలి, 0.9 దూరకూడదు. సర్దాల్సి వస్తే పక్క కొమ్మును మాత్రమే వంచండి. మధ్య కడ్డీని ఆసరా చేసుకుని ఎత్తితే పింగాణీ పగులుతుంది. ఆ పగులు బయటికి కనపడదు, బరువు పడినప్పుడే మిస్ కొడుతుంది.

నల్లమల రూట్, నంద్యాల:
కొంచెం విభేదిస్తా. ఆ రెండు ఎన్‌జీకేలు తెల్లగా ఉన్నాయి, ఘాట్‌లో కటకట ఉంది. నలుగురిని ఎక్కించుకుని ఎండాకాలం ఘాట్లు ఎక్కే బండికి 6 నంబరు మేలు కదా? డబ్ల్యూ5డీసీ అంత చల్లనిది వద్దు, ఒక మెట్టు దిగితే చాలు.

టాపెట్ కవర్, అనంతపురం:
6 వేయొచ్చు, తప్పు లేదు. కానీ అది చివరి మెట్టు కావాలి. ఇప్పుడు బంకులో దొరికేది 20 శాతం ఇథనాల్ పెట్రోలు. మామూలు పెట్రోలు ఒక కిలో మండటానికి 14.7 కిలోల గాలి కావాలి, దీనికి సుమారు 13.5 చాలు. అంటే అదే గాలికి పెట్రోలు ఎక్కువ పోయాలి. ఎంపీఎఫ్ఐ బండిలో ఆక్సిజన్ సెన్సర్ చూసి సర్దుకుంటుంది. కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే జెట్ రంధ్రం ఎంతో అంతే, కాబట్టి మిశ్రమం పల్చబడి ప్లగ్ తెల్లబడుతుంది. దాన్ని కోల్డ్ ప్లగ్‌తో కప్పేస్తే ప్లగ్ బతుకుతుంది, ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోతుంది.

కాబట్టి ముందు జెట్లు, ఫ్లోట్ లెవెల్ (కార్బురేటర్ గిన్నెలో పెట్రోలు మట్టం) చూపించండి. ఇన్‌టేక్ మానిఫోల్డ్ దగ్గర, వాక్యూమ్ పైపుల దగ్గర గాలి పీలుస్తోందా చూడండి. పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రం ఇథనాల్‌కు ఉబ్బి మెత్తబడతాయి, అవీ మార్చేయండి. తర్వాత టైమింగ్ లైట్ పెట్టి టైమింగ్, అంటే స్పార్క్ ఏ క్షణంలో పడుతోందో చూడండి. డిస్ట్రిబ్యూటర్ కాస్త ముందుకు తిరిగి ఉన్నా ఘాట్‌లో కటకట వస్తుంది. ఎండ నిజంగా పనిచేసేది ఇక్కడే: లోపలికి పోయే గాలి వేడిగా ఉంటే కటకట పెరుగుతుంది. ఎయిర్ క్లీనర్‌కు ఎగ్జాస్ట్ వైపు నుంచి వేడి గాలి పైపు ఉంటే వేసవిలో అది మూసి ఉండాలి. ఇవన్నీ అయ్యాక కూడా తెల్లగానే ఉంటే అప్పుడు మూడూ 6.

ప్లగ్ రంగు చదవాలంటే హైవేలో ఓ పది కిలోమీటర్లు నడిపి, ఐడ్లింగ్‌లో ఎక్కువసేపు ఉంచకుండా ఆపి, చల్లారాక విప్పండి. లేత ఇటుక రంగో బూడిద రంగో ఉంటే బాగున్నట్టు. మూడూ పొడి నలుపైతే చోక్ పూర్తిగా తెరుచుకోవట్లేదు, లేదా ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయింది. తడిగా, జిడ్డుగా నలుపైతే ఆయిల్ దిగుతోంది, వాల్వు సీళ్లు గానీ రింగులు గానీ. తెల్లటి పింగాణీ మీద మిలమిల మెరిసే సన్న చుక్కలు కనిపిస్తే పిస్టన్ అల్యూమినియం కరుగుతోందన్నమాట, ఆ రోజు నుంచి ఘాట్ ఎక్కించొద్దు.

ఫీలర్ గేజ్, కర్నూలు:
మార్చే పద్ధతి నేను చెప్తా. ఇంట్లో హాయిగా చేసుకోవచ్చు. ఇంజన్ పూర్తిగా చల్లారాలి. హెడ్ అల్యూమినియం, వేడిలో విప్పితే మరలు ప్లగ్‌తోపాటే ఊడొస్తాయి. ఎర్రగుంట్ల వైపు తిరిగే బండ్లలో సిమెంటు దుమ్ము ప్లగ్ చుట్టూ పేరుకుంటుంది. ముందు గాలి కొట్టండి. సగం చుట్టు వదులు చేసి మళ్లీ గాలి కొట్టి అప్పుడు విప్పండి, లేకపోతే ఆ దుమ్ము సిలిండర్‌లో పడి బోరును గీస్తుంది. వైర్లకు 1, 2, 3 అని టేపు అంటించండి. వైరు పట్టి లాగొద్దు, టోపీ పట్టి కొంచెం తిప్పి లాగాలి. పట్టేసిన ప్లగ్‌కు ఆయిల్ స్ప్రే కొట్టి అరగంట ఆగి, కొంచెం వదులు, కొంచెం బిగింపు, ఇట్లా ముందుకీ వెనక్కీ.

కొత్తది ఎక్కించేటప్పుడు ప్లగ్ పైకొనకు ఒక జానెడు పెట్రోలు పైపు ముక్క తొడిగి దాంతో తిప్పండి. మర అడ్డంగా పట్టుకుంటే పైపు జారిపోతుంది, మర చెడదు. చేత్తో పూర్తిగా కూర్చున్నాక పానాతో సగం చుట్టు, మహా అయితే మూడింట రెండు వంతుల చుట్టు. కొత్త వాషర్ నలగడానికి అది చాలు. వాడిన ప్లగ్‌నే మళ్లీ వేస్తే చుట్టులో పన్నెండో వంతు. టార్క్ పానా ఉంటే 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. మరలకు గ్రీజు, ఆయిల్ పూయొద్దు. జారుడు వల్ల అదే టార్క్‌కు ఎక్కువ బిగుసుకుంటుంది. వదులుగా వదిలినా చెడ్డే, ప్లగ్ వేడి హెడ్‌లోకి దిగేది ఆ వాషర్, మరల ద్వారానే.

పాత ప్లగ్గులను గ్యాస్ పొయ్యి మీద కాల్చడం, ఎమెరీ పేపర్‌తో రుద్దడం మన షెడ్లలో అలవాటు. రెండూ వద్దు. కాలిస్తే పింగాణీ బీటలిస్తుంది, రుద్దితే గరుకు పొడి లోపలే మిగులుతుంది. మామూలు నికెల్ ప్లగ్ 15 నుంచి 20 వేల కిలోమీటర్లు నడుస్తుంది, తర్వాత పారేయడమే.

ఇరిడియం మన్నిక ఎక్కువ, దాని కొన సన్నం కాబట్టి తక్కువ వోల్టేజికే దూకుతుంది. కానీ మీ బండికి ఆ డబ్బుతో ప్లగ్ వైర్ల సెట్, డిస్ట్రిబ్యూటర్ క్యాప్, రోటర్ కొనండి. చీకట్లో బానెట్ ఎత్తి ఇంజన్ తిప్పితే పాడైన వైరు మీద నీలి మెరుపులు కనిపిస్తాయి. నకిలీ ఎన్‌జీకేలతో కూడా జాగ్రత్త. అసలుదానికి వాషర్ చేత్తో ఊడదు, మరలు నున్నగా ఉంటాయి, పక్క కొమ్ము మధ్య కడ్డీ మీద సరిగ్గా నడిమధ్యకు వస్తుంది.

పెన్నాతీరం, కడప:
బీపీఆర్5ఈఎస్ మూడు తెచ్చినా అన్నా, గ్యాప్ 0.8 పెట్టినా. రెండు బాగా కూర్చున్నాయి. బాష్ ఉన్న రంధ్రంలో మాత్రం చేత్తో రెండు చుట్లకే పట్టేస్తోంది.

ఫీలర్ గేజ్, కర్నూలు:
పానా పెట్టి తిప్పొద్దు. మరల్లో కార్బన్ ఉంది, లేదా ముందువాళ్లు అడ్డంగా ఎక్కించారు. 14 బై 1.25 మర శుభ్రం చేసే ట్యాప్ దొరికితే సరి. లేకపోతే పాత బీపీ5ఈఎస్ మరల మీద నిలువుగా హాక్సా బ్లేడుతో రెండు మూడు గాట్లు పెట్టి అంచులు నునుపు చేసుకోండి. గాట్ల నిండా గ్రీజు పూసి నెమ్మదిగా లోపలికి, సగం చుట్టుకోసారి వెనక్కి తిప్పండి, పొడి గ్రీజుకు అంటుకుంటుంది. పని అయ్యాక మరల్లోని గ్రీజు గుడ్డతో తుడిచేయండి. కాయిల్ కనెక్షన్ పీకి, మూడు ప్లగ్గులూ తీసి నాలుగైదు సెకన్లు సెల్ఫ్ కొడితే మిగిలిన పొడి బయటికి ఎగిరిపోతుంది. ముఖం దూరంగా పెట్టుకోండి. అప్పటికీ చేత్తో చివరిదాకా దిగకపోతే లేత్ షాపులో హెలికాయిల్ (చెడిన మర చోట కూర్చోబెట్టే తీగచుట్ట మర) వేయించాలి. హెడ్ విప్పి చేయించడమే మంచిది, లోహపు పొడి సిలిండర్‌లో పడదు.