పార్కులో టెలిస్కోప్ పెడితే అందరూ "సూపర్" అన్నారు, నిజంగా కనబడింది ఎంతమందికో?

కొత్తడాబ్:
అందరికీ నమస్కారం. నా దగ్గర ఆరంగుళాల డాబ్సోనియన్ (డబ్బా మీద తిప్పుకునే అద్దం టెలిస్కోప్) ఉంది, ఫోకల్ లెంగ్త్ 1200 మి.మీ., ఐపీసులు (కన్ను పెట్టి చూసే కటకాలు) 25, 10 మి.మీ. రెండే. వేసవి సెలవులు, పిల్లలు ఎలాగూ పొద్దుపోయేదాకా బయటే ఉంటున్నారు కదా అని మొన్న పౌర్ణమి నాడు పార్కులో పెట్టాను. నలభై మంది దాకా వచ్చారు. 10 మి.మీ. పెట్టి చంద్రుణ్ని చూపించా. ఒక్కొక్కరూ రెండు సెకన్లు కన్ను పెట్టడం, "సూపరండీ" అనడం, వెళ్లిపోవడం. నేనూ తెగ సంతోషపడ్డాను. చివర్లో ఒక పెద్దావిడ మాత్రం "ఏం లేదు నాయనా, అంతా నలుపే" అంది. చూస్తే చంద్రుడు ఎప్పుడో జారిపోయాడు! ఆవిడకి ముందు ఎంతమంది ఖాళీ ఆకాశం చూసి మర్యాదకి బాగుందన్నారో తలుచుకుంటే సిగ్గేస్తోంది. పైగా మొదటి అరగంట చంద్రుడి అంచు నీళ్లలో ఉన్నట్టు వణికింది. మళ్లీ పెట్టాలి, ఈసారి ఏం మార్చుకోవాలి?

రాత్రిడ్యూటీ:
ముందు ఆ పెద్దావిడకి దండం పెట్టండి, అంత నిజం మొహం మీద చెప్పేవాళ్లు నలభైలో ఒకరుంటారు. మిగతావాళ్లని "కనబడిందా?" అని అడగొద్దు, అందరూ అవుననే అంటారు. "నల్లగా ఉన్నది ఏ వైపు?" అని అడగండి, చూసినవాళ్లు టక్కున చెప్తారు, చూడనివాళ్లు తడబడతారు, అప్పుడు మెల్లగా సరిచేసి మళ్లీ చూపించొచ్చు.

అయితే ఆ ప్రశ్న పౌర్ణమి నాడు పనికిరాదు. ఆ రోజు ఎండ మనం చూసే వైపు నుంచే చంద్రుడి మీద పడుతుంది, నీడలు కనబడవు, గోతులన్నీ చదునైపోయి సున్నం కొట్టిన గోడలా ఉంటుంది. శుక్ల పక్ష అష్టమికి ఒకటి రెండు రోజులు అటూ ఇటూ పెట్టుకోండి. వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర గోతి అంచు మెరుస్తూ, లోపల నల్లటి నీడ, నడుమ ఒక్క శిఖరం మీద మాత్రం ఎండ పడుతూ ఉంటుంది. అది చూసినవాళ్లు "సూపరండీ" అనరు, ముందు నోరు తెరుస్తారు.

ఇక జారిపోవడం. 10 మి.మీ. అంటే, 1200ని 10తో భాగిస్తే, 120 రెట్లు పెద్దగా కనబడుతుంది. ప్లాసిల్ (ఎక్కువగా వాడే మామూలు రకం ఐపీస్) అయితే, భూమి తిరుగుతుంటుంది కాబట్టి, కనబడేది అంచు నుంచి అంచుకి దాటడానికి దాదాపు నిమిషం నలభై సెకన్లే. 25 పెడితే 48 రెట్లే గానీ నాలుగు నిమిషాల పైన దొరుకుతుంది, చంద్రుడు మొత్తం పడతాడు. చంద్రుడు ఏ వైపు నుంచి లోపలికొస్తాడో ఆ అంచుకి కాస్త దగ్గరగా పెట్టి వదిలేయండి, ఇద్దరు ముగ్గురికోసారి మీరే కన్ను పెట్టి చూసుకోండి.

కళ్లజోడు:
ఇంకోటి, 10 మి.మీ. ప్లాసిల్‌కి కన్ను దాదాపు ఆనించాలి, కళ్లజోడు వాళ్లకి నరకం. ఉత్త దూరం గానీ దగ్గర గానీ సరిగా కనబడని లోపమైతే జోడు తీసి ఫోకస్ తిప్పుకుంటే చాలు, ఆ నాబ్ వాళ్ల చేతికే ఇవ్వండి. ఆస్టిగ్మాటిజం (కంటి వంపు అన్ని వైపులా సమంగా లేక మసకబారే లోపం) ఎక్కువుంటే జోడుతోనే చూడాలి. పిల్లలు ఐపీస్‌ని హ్యాండిల్ అనుకుని పట్టుకుని వేలాడతారు, పక్కన గట్టి స్టూల్ పెట్టి "చేతులు మోకాళ్ల మీద" అనండి, పని చేస్తుంది. దోమల క్రీమ్ వేళ్లతో లెన్స్ ముట్టుకుంటే మాత్రం ఆ రాత్రికి అయిపోయినట్టే (నాకు అయింది, ప్రతి నక్షత్రం చుట్టూ మసక).

హంసపాదు:
చంద్రుడితోనే ఆపేయకండి. వేసవి రాత్రి ముదిరే కొద్దీ హంస మండలం పైకొస్తుంది, దాని ముక్కు దగ్గర ఆల్బీరియో చూపించండి. మామూలు కంటికి ఒకటే చుక్క, టెలిస్కోప్‌లో రెండు, ఒకటి పసుపు, ఒకటి నీలం. నక్షత్రాల గుంపుల్లో ఎం13 అనేది బాగుంటుంది గానీ చూపించే ముందే "ఫోటోలా ఉండదు, పొగలో పంచదార చల్లినట్టుంటుంది, దాని వెలుగు బయల్దేరి ఇరవై వేల ఏళ్లు దాటింది" అని చెప్పాలి, లేకపోతే "ఇదేనా" అంటారు. శని వలయాలు 2025 మార్చిలో అంచు వైపు తిరిగి దాదాపు మాయమయ్యాయి, ఆ తర్వాత కాస్త విచ్చుకుని, ఆ ఏడాది చివర్లో మళ్లీ సన్నబడి, ఇప్పుడు మెల్లగా విచ్చుకుంటున్నాయి. కొన్నేళ్లు ఆగితే అదే మీ హీరో.

మీ చేతిలో ఉన్న డాబ్సోనియన్‌కి పేరిచ్చిన జాన్ డాబ్సన్ చేసింది కూడా ఇదే. 1968లో శాన్ ఫ్రాన్సిస్కోలో మొదలైన సైడ్‌వాక్ ఆస్ట్రానమర్స్ వాళ్లు టెలిస్కోప్‌ని ఫుట్‌పాత్ మీద పెట్టి, పోయేవాళ్లని పిలిచి చూపించేవాళ్లు. కాబట్టి సిగ్గుపడకండి, మీ డబ్బాది అదే వంశం.

రాత్రిడ్యూటీ:
వణుకు సంగతి మర్చిపోయా. పగలంతా వేడెక్కిన గదిలోంచి తెచ్చి వెంటనే పెట్టారు కదూ? అద్దం చల్లబడే దాకా ట్యూబ్‌లో వేడి గాలి సుడులు తిరుగుతూనే ఉంటుంది. గంట ముందే బయట పెట్టండి, సిమెంటు మీద కాదు, గడ్డి మీద. ఎవరైనా పగలు సూర్యుణ్ని చూపించమంటే, ట్యూబ్ ముందు భాగానికి గట్టిగా బిగించే సోలార్ ఫిల్టర్ లేకుండా ఒప్పుకోకండి. ఐపీస్‌కి తగిలించే చిన్న ఫిల్టర్లు వేడికి పగులుతాయి, కన్ను పోతుంది. ఫైండర్‌కి (గురి చూసుకునే పక్క చిన్న టెలిస్కోప్‌కి) కూడా మూత పెట్టాలి.

కొత్తడాబ్:
అవును, గదిలోంచి తెచ్చి నేరుగా సిమెంటు మీదే పెట్టా! అష్టమికి గడ్డి మీద, 25 మి.మీ.తో మళ్లీ పెడుతున్నా. పెద్దావిడకి కబురు చెప్పాను, "ఈసారి నేనే ముందు చూస్తా" అంది.